చంకల పోర్చుగల్

పొద్దుగాల నాలుగింటికే లారీ వచ్చింది.
హోటల్ వెనక గేటు కాడ
మనామా ఇంకా ఆవులిస్తనే ఉంది.
ముప్పై దేశాలు దించాలె.
ఒక్కో దేశం ఒక్కో ఫ్లెక్సీ,
మనిషంత పొడుగు, చుట్టి, రబ్బర్లు ఏసి.

పోర్చుగల్ చంకల పెట్టుకున్న.
బల్గేరియా భుజం మీద.
ఫిన్లాండు ఒక కొస నేను, ఒక కొస దిల్ బహదూర్.
దాని స్టాండు ఇనుపది, వట్టి బరువు.
"అక్షరాల వరుస! అక్షరాల వరుస!"
సూపర్‌వైజర్ శంషీర్ ఒకటే ఒర్రుడు.
వరుసల పెడితె గ్రీసు పక్కకు హంగేరీ వచ్చింది.
వాళ్లకు పడ్తదో పడదో మాకేం ఎరుక.

ప్రతి దేశానికి ఒక బొమ్మ మనిషి.
గుండె కాడ ఒక అంకె, ఊపిరితిత్తుల కాడ ఒకటి,
నెత్తి మీద ఎన్నేండ్లు బతుకుతడో అది.
మంచిగుంటె ఆకుపచ్చ,
నడిమిట్ల ఉంటె పసుపు,
లేకుంటె ఇటుక రంగు.
ఇటుక రంగోడు గూడ
మా నాయిన కంటె ఇరవై ఏండ్లు పెద్దగున్నడు.

మీటింగుల నీళ్ల సీసాలు పెట్టుడు నా పని.
సూటోడొకాయన చెప్పిండు:
వాళ్ల దిక్కు మోకాలు మార్పియ్యాలంటె
ఎనిమిది నెలలు ఆగాలట.
అందరు తలలూపి రాసుకున్నరు.
నేను సీసాలు లెక్కవెట్టిన. సగం సగం తాగి ఇడిచిపెట్టినయి
నూటా పన్నెండు.

నర్సింగం అస్కర్ క్యాంపుల పండుకొని ఉన్నడు.
కోరుట్ల పక్కపొంటి ఊరు. ముప్పై నాలుగేండ్లు.
ఏడేండ్లు పరంజా మీదనే.
ఉచ్చకు దిగాలంటె ఆరంతస్తులు దిగాలె,
దిగితె ఫోర్మన్ మూతి ముడుస్తడు,
అందుకని నీళ్లు తాగుడే మానేసిండు.
నడుము నొస్తె బకాలాల దొరికే గోలీలు.
"ఖల్లివల్లి, తగ్గుతది తియ్" అనేటోడు.
గిప్పుడు కాళ్లు బూరెల్లెక్క పొంగినయి.

మధ్యాహ్నం సామాన్లు దించే కాడ
ఒక డాక్టరమ్మ దొంగతనంగ సిగరెట్ తాగుతుంది.
మెడల బిళ్ల మీద రుమ్యానా అని ఉంది.
నన్ను చూసి నవ్వింది.
పొద్దుగాల నువ్వు మోసిన ఇటుక రంగుది నాదే అన్నది.
మా దిక్కు నర్సులందరు జర్మనీ పోయిన్రు,
దవాఖానల పరుపులున్నయి, చూసేటోళ్లు లేరు అన్నది.
మా మేనమామ బిడ్డ గూడ జర్మనీకే, నర్సే, అన్న.
ఇద్దరం కొంచెంసేపు ఆ జర్మనీ దిక్కు చూసినట్టు
సముద్రం దిక్కు చూసినం.

నాకు ధైర్యం వచ్చి ఫోన్ తీసిన.
నర్సింగం రక్తం కాయితం ఫొటో.
ఆమె కండ్లద్దాలు పెట్టుకున్నది,
వేళ్లతోని అంకెను పెద్దగ జేసింది,
మళ్ల పెద్దగ జేసింది.
పెద్దగ జేసినకొద్ది అది గదే అంకె.
"వయసెంత?" చెప్పిన.
"ఏం పని?" చెప్పిన.
"నీళ్లు ఎన్ని తాగుతడు?"
గది చెప్పలేకపోయిన.
సిగరెట్ వేలు కాలేదాక పట్టుకొని
వారానికి మూడుసార్లు మిషన్ మీద ఎయ్యాలె,
ఆలస్యం వద్దు, అన్నది.
ఎవరు ఎయ్యాలెనో చెప్పలే. ఆమె చేతిల గూడ లేదు,
ముఖం చూస్తె తెలుస్తనే ఉంది.
లోపల్నుంచి ఎవరో పిలిస్తె పోయింది.

మాపటికి దేశాలన్ని ఖాళీ.
స్టాండ్లు లారీల, ఫ్లెక్సీలు చెత్తల.
శంషీర్ అటు తిరిగినప్పుడు నేనొకటి మడతవెట్టి
అంగీ కింద పెట్టుకున్న.

మా రూం కిటికీ అద్దం పగిలి ఏడాదాయె.
అట్టముక్క దాటి ఎండ
సక్కగ నర్సింగం మొఖం మీదనే పడ్తది.
తెల్లారి ఫ్లెక్సీ కట్టిన, బొమ్మ మనిషి తలకిందులైండు.
రూమంత ఆకుపచ్చ వెలుగు.
గోడ, గిన్నెలు, దండెం మీది లుంగీ, వాని పాదాలు.

"ఏ దేశమురా గిది?" అన్నడు.
ఫిన్లాండు అన్న.
"ఆడ ఎండ ఉంటదా?"
ఎండకాలంల రాత్రి గూడ ఉంటదట అన్న.

వాడు ఏదో లెక్కవెడ్తున్నట్టు పెదవులు కదిపి
"మరి షిఫ్ట్ ఎప్పుడు దిగుతర్రా" అన్నడు.